ఎదుటివాళ్లని అర్థం చేసుకోడానికి ఈ పర్సనాలిటీ టైపులు పనికొస్తాయా, ఊరికే పేరు పెట్టడానికేనా?

#1 సగం_చదివిన_పుస్తకం

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పెద్దదవుతుంది, ఓపికుంటే చదవండి.

నాకు ఈ పదహారు టైపుల పిచ్చి (ఎంబీటీఐ అనే టెస్టు రాస్తే మన టైపు అని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు ఇస్తారే, అదే) రెండేళ్ల కిందట పట్టింది. ఆఫీసులో నాతో కలిసి పనిచేసే ఒకాయన ఉన్నారు, మీటింగులో కూర్చుంటే గంటలో మూడు మాటలు చెప్తారు. ముందు "ఇలా చేద్దాం" అంటారు, కాసేపటికి "అబ్బే అది వద్దు" అంటారు, లేచేముందు ఇంకోటేదో అంటారు. నేనేమో మొదటి మాట రాసుకుని వచ్చి పని మొదలుపెట్టేసేదాన్ని, తీరా సగం అయ్యాక చూస్తే ఆయన దాన్నెప్పుడో వదిలేసుంటారు. మాట మీద నిలబడే మనిషి కాదని ఫిక్సయిపోయా. ఏడాదిన్నర పాటు ఆయన నోరు తెరిస్తే చాలు నాకు ఒళ్లు మండేది.

తర్వాత ఎక్కడో చదివా, ఎక్స్‌ట్రావర్ట్ అంటే వాగుడుకాయ అని అర్థం కాదట, కొంతమందికి ఆలోచన నోట్లోంచి బయటికి వస్తే గానీ ఒక రూపానికి రాదట. నాకేమో లోపల పూర్తిగా ఉడికాక గానీ మాట రాదు, అందుకని ఎవరేమన్నా అదే వాళ్ల చివరి మాట అనుకుంటా. ఆయన మాట చిత్తుకాగితం, నేను దాన్ని ఫెయిర్ కాపీ అనుకుని చదువుతున్నా. అది అర్థమైన రోజు ఆ కోపం దానంతటదే దిగిపోయింది, నిజంగా.

ఇక్కడిదాకా బానే ఉంది. ఆ ఊపులో అక్క దగ్గర కూడా ఇదే తెలివి చూపించా. అక్కకి ఏ విషయమైనా ముందే తేలిపోవాలి. వస్తున్నావా లేదా, ఎన్నింటికి, ఎన్నిరోజులు. నేను "చూద్దాంలే అక్కా" అంటా. అది మళ్లీ ఫోన్ చేస్తుంది, నేను మళ్లీ చూద్దాం అంటా. మొన్న విసుగొచ్చి "అక్కా నువ్వు జే టైపువి, నేను పీ టైపుని, అందుకే నీకు అలా అనిపిస్తుంది" అన్నా. జే అంటే అన్నీ ముందే తేల్చుకునేవాళ్లు, పీ అంటే అప్పటికప్పుడు చూసుకునేవాళ్లు. మంచి ఉద్దేశంతోనే అన్నా, ఒట్టు. అటునించి కాసేపు చప్పుడు లేదు. తర్వాత "అడిగినదానికి జవాబు చెప్పకుండా నాకు పేరు పెట్టావా" అని కట్ చేసింది. ఇవాల్టికి పదకొండు రోజులు, మాటల్లేవు.

ఒకే పద్ధతి ఒకచోట కోపం తీసేసి ఇంకోచోట కోపం ఎందుకు తెప్పించిందో నాకు అంతుబట్టట్లేదు. మీలో ఎవరైనా దీన్ని మనుషుల మీద నిజంగా వాడి చూశారా?

#2 ఊరికే_చూస్తుంటా

పదకొండు రోజులు అని లెక్కపెట్టుకుంటున్నారంటే జే మీరేనండీ, అక్క కాదు. హహ.

#3 కొలబద్ద

మొదట్లోనే చెప్పేస్తా, నాకు ఈ పదహారు పెట్టెల మీద నమ్మకం లేదు. చదువులో భాగంగా కొంత స్టాటిస్టిక్స్ చూసినవాణ్ణి కాబట్టి అటునించే మాట్లాడతా.

ఎత్తు తీసుకోండి. మనుషుల్ని ఎత్తు ప్రకారం నిలబెడితే ఎక్కువమంది మధ్యలో ఉంటారు, అటూఇటూ చివర్లలో కొద్దిమందే ఉంటారు. ఇంట్రావర్షన్ కూడా అంతే. 1989లో మెక్రే, కోస్టా అనే ఇద్దరు ఈ టెస్టుని పట్టుకుని చూస్తే రెండు వేరువేరు గుంపులు ఉన్నట్టు ఆధారం దొరకలేదు. ఉన్నది ఒకే గుట్ట. ఆ గుట్టకి నడినెత్తిన గీత గీసి ఇటుపక్క వాళ్లు ఐ (ఇంట్రావర్ట్), అటుపక్క వాళ్లు ఈ (ఎక్స్‌ట్రావర్ట్) అంటున్నాం. గీతకి ఆనుకుని ఉన్నవాడు ఇవాళ నిద్ర సరిగ్గా పట్టక టెస్టు రాస్తే ఒక అక్షరం, వచ్చేనెల హుషారుగా రాస్తే ఇంకో అక్షరం. కొన్ని వారాల తేడాతో రెండోసారి రాస్తే చాలామందికి కనీసం ఒక అక్షరమైనా మారిపోవడానికి కారణం ఇదే. మళ్లీ ఆ ఇద్దరే ఇంకోటి కూడా చెప్పారు, ఈ నాలుగు అక్షరాలూ బిగ్ ఫైవ్‌లో, అంటే సైకాలజిస్టులు స్వభావాన్ని కొలిచే ఐదు గుణాల్లో, నాలుగింటికి బాగానే సరిపోతాయి గానీ ఐదోది, అదే ఆందోళన, చిన్నదానికీ కంగారు పడే గుణం, అసలు ఇందులో లేనే లేదు అని. ఆలోచించండి, ఎదుటి మనిషి ఎందుకలా చేస్తున్నాడో తెలుసుకోవాలంటే సగంసార్లు కావలసింది ఆ ఐదోదే. తీసిపారేసింది కూడా దాన్నే. ఎవరికీ "మీరు కంగారు మనిషి" అని రిపోర్టు రాకూడదు కదా, అన్ని టైపులూ గొప్పవే అనిపించాలి కదా మరి.

ఇక "అచ్చం నాలాగే ఉంది" అనే ఫీలింగ్ సంగతి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ తన క్లాసులో 39 మందికి పర్సనాలిటీ టెస్టు పెట్టి, విడివిడిగా ఫలితాలిస్తున్నట్టు కాగితాలు పంచాడు. ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరి కాగితంలోనూ ఒకే రాత, అది కూడా చాలావరకు బజార్లో దొరికే జాతకాల పుస్తకంలోంచి ఎత్తింది. "బయటికి ధైర్యంగా కనిపిస్తారు గానీ లోపల మీకూ అనుమానాలుంటాయి" తరహా మాటలు. ఎవరికుండవు చెప్పండి?

మీ ఆఫీసాయన విషయంలో మీకు పనికొచ్చింది "కొంతమంది పైకి మాట్లాడుతూ ఆలోచిస్తారు" అనే ఒక్క వాక్యం. దానికి ఈ పదహారు గదుల భవనం ఎందుకు?

#4 నాలుగక్షరాలు

కొలబద్ద గారూ, ప్రతి థ్రెడ్‌లోనూ ఆ 39 మందీ వస్తారు, వాళ్లకి కూడా విసుగొచ్చుంటుంది ఈపాటికి :)

మీరు టెస్టుని తిడుతున్నారు, ఆలోచనని కాదు. ఇది ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ థ్రెడ్ మొదలుపెట్టినావిడ అడిగిన ప్రశ్నలోనే పుట్టింది. ఫ్రాయిడ్, యాడ్లర్, యూంగ్ అనే మానసిక వైద్యులు ముగ్గురూ ఒకప్పుడు ఒకే గూటివాళ్లు. 1911లో యాడ్లర్ విడిపోయాడు, 1913కల్లా యూంగ్ కూడా ఫ్రాయిడ్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. ఆ తర్వాత యూంగ్‌ని పట్టి పీడించిన ప్రశ్న ఏంటంటే, ఇంత తెలివైనవాళ్లు ఒకే రోగిని చూసి ఇద్దరూ రెండు కథలు చెప్తారు, రెండూ సరిగ్గానే అతుకుతాయి, అదెలా? ఆయన పట్టుకున్నది ఏంటంటే ఫ్రాయిడ్ చూపంతా మనిషి బయటివాళ్లతో పెట్టుకునే బంధం మీద, యాడ్లర్ చూపంతా ఆ మనిషి లోపల తనని తాను ఎలా నిలబెట్టుకుంటున్నాడు అనేదాని మీద. తప్పు రోగిని చూడటంలో లేదు, చూసేవాళ్ల కళ్లే వేరు. అలా వచ్చిందే 1921 నాటి టైపుల పుస్తకం. తగువు పడ్డవాడు తగువు ఎందుకొచ్చిందో తెలుసుకోడానికి చేసిన పని అది.

ఇంకో ముచ్చట. దీన్ని పదహారు చేసిన తల్లీకూతుళ్లలో తల్లి క్యాథరిన్ బ్రిగ్స్ అసలు ఇందులో దిగిందే కాబోయే అల్లుడి వల్ల. కూతురు ఇసబెల్ ఇంటికి తీసుకొచ్చిన కుర్రాడు మంచివాడే గానీ వాళ్లింట్లో ఎవరూ ఆలోచించేట్టు ఆలోచించడు, పద్ధతి మనిషి, వివరం కావాలి. ఈవిడకి అంతుచిక్కలేదు, మనుషుల్లో రకాల గురించి చదవడం మొదలుపెట్టింది. 1923లో యూంగ్ పుస్తకం ఇంగ్లిష్‌లోకి రాగానే తను అప్పటిదాకా కట్టుకున్నది పక్కనపెట్టి ఆ దారిలోకి వచ్చేసింది. అంటే ఇదంతా ఒక అత్తగారు అల్లుణ్ణి అర్థం చేసుకోడానికి పడ్డ పాట్లు. కూతురు దాన్ని రెండో ప్రపంచయుద్ధం టైములో ప్రశ్నాపత్రంగా మార్చింది. ఆ కూతురికి సైకాలజీ డిగ్రీ కూడా లేదు, డిటెక్టివ్ నవల రాసిన మనిషి, అది మీకు ఇంకో రాయి అందించినట్టే, తెలుసు, విసరండి.

#5 కొలబద్ద

రాయి విసరను, అల్లుడి కథ బాగుంది. కానీ ఆ అల్లుణ్ణే కూర్చోబెట్టి "నాయనా నీకెలా ఉంటుంది" అని అడిగితే సరిపోయేదేమో.

#6 ఊరికే_చూస్తుంటా

అత్తగారు అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అడగడమా? దానికంటే కొత్త శాస్త్రం కనిపెట్టడమే తేలికండీ.

#7 పలకా_బలపం

నేను టీచర్‌ని. టైపుల గురించి అంత తెలీదు గానీ "ఎదుటివాడి లోపల కూడా నా లోపల ఉన్నట్టే ఉంటుంది" అని మనం ఎంత గుడ్డిగా అనుకుంటామో దానికి ఒక ఉదాహరణ చెప్తా, నాకు బుర్ర తిరిగిపోయిన విషయం ఇది.

1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన తెలిసినవాళ్లందరికీ ఒక ప్రశ్న పంపాడు. ఇవాళ పొద్దున మీరు కూర్చుని టిఫిన్ తిన్న బల్లని మనసులో ఊహించుకోండి, బొమ్మ ఎంత స్పష్టంగా కనపడుతోంది, రంగులున్నాయా? ముందు సైంటిస్టుల్ని అడిగితే వాళ్లలో చాలామంది "మనసులో బొమ్మ కనపడటం ఏంటి, అదేదో మాటవరసకి అంటారు గానీ నిజంగా ఎవరికైనా కనపడుతుందా" అన్నారు. మామూలు జనాన్ని అడిగితే "కనపడకపోవడం ఏంటి, ఎదురుగా ఉన్నట్టే ఉంది" అన్నారు. రెండు వర్గాలూ అవతలివాళ్లు ఏదో వేళాకోళం ఆడుతున్నారనుకునే పరిస్థితి. అసలు బొమ్మే రాకపోవడానికి ఒక పేరు, అఫాంటేసియా అని, 2015లో గానీ రాలేదు. అంటే వందేళ్లు దాటినా పక్కనున్నవాడి తలలో బొమ్మలున్నాయో లేదో ఒకరినొకరు అడగలేదు చాలామంది.

నా సంగతే చెప్తా. నాకు కళ్లు మూసుకుంటే సినిమాలా కనపడుతుంది. ఏళ్ల తరబడి పిల్లలకి "కళ్లు మూసుకుని త్రిభుజాన్ని ఊహించుకోండి, ఇప్పుడు తిప్పండి" అని చెప్పేదాన్ని. ఒక పిల్లాడు ప్రతిసారీ కళ్లు తెరిచేసేవాడు, దృష్టి లేదు వీడికి అని తిట్టేదాన్ని. ఈ గాల్టన్ గురించి చదివాక వాణ్ణి అడిగా, నీకేం కనపడుతుంది రా అని. "చీకటి టీచర్" అన్నాడు. కాగితం మీద గీసుకో అన్నా, చకచకా చేసేశాడు.

కాబట్టి నా లెక్కలో ఈ టైపుల వల్ల మొదటి లాభం ఒక్కటే, ఇలాంటి తేడాలు కూడా ఉండొచ్చు అని ఒక లిస్టు మన ముందు పెడతాయి. మనంతట మనకి తట్టవు అవి. అడగాలంటే ముందు అడగడానికి ఒకటుందని తెలియాలి కదా.

#8 నాలుగక్షరాలు

>> అడగాలంటే ముందు అడగడానికి ఒకటుందని తెలియాలి కదా

ఇదీ నేను చెప్పాలనుకున్నది, మూడు పేరాలు రాసినా నాకు రాలేదు.

#9 వెనకబెంచీ

దీనికి రెండోవైపు నేను చెప్తా. మా పాత ఆఫీసులో టీమ్ మొత్తానికి ఈ టెస్టు పెట్టారు, రిజల్టు డెస్కు మీద అట్టముక్క మీద రాసి పెట్టుకోవాలి, సరదాగా అని చెప్పారు. నాకు "పీ" వచ్చింది. అంతే. ఆ తర్వాత నేను ఏదైనా ఒక్కరోజు ఆలస్యం చేస్తే "పీ కదా" అని నవ్వడం, టైముకి ఇస్తే "అరె పీ అయ్యుండి" అని ఆశ్చర్యపోవడం. నాకు ప్లానింగ్ పని వస్తుందని ఎదురుచూసిన సంవత్సరం అది ఇంకొకళ్లకి వెళ్లింది. పైకి ఎవరూ దీనివల్లే అనలేదు. నేను మాత్రం ఆ అట్టముక్కని ఇప్పటికీ మర్చిపోలేదు. ఈ టెస్టు అమ్మే కంపెనీయే ఉద్యోగాల్లోకి తీసుకోడానికి దీన్ని వాడొద్దు అని చెప్తుంది, మరి లోపల పనులు పంచడానికి వాడొచ్చా?

ఆవిడ అక్కకి కోపం రావడంలో నాకేమీ వింత కనపడట్లేదు. పేరు పెట్టినవాడు ఇంక చూడటం మానేస్తాడు. పచ్చకామెర్ల సామెత ఊరికే రాలేదు, మన కంటికి ఏ రంగు పట్టిందో ఎదుటివాడు ఆ రంగే.

#10 తొమ్మిదోవాడు

అందరూ పదహారు పట్టుకుని వేలాడుతున్నారు, ఎనియాగ్రామ్ గురించి ఎవరూ అనట్లేదే. అందులో తొమ్మిదే, కానీ అడిగే ప్రశ్న వేరు. మనిషి ఎలా ప్రవర్తిస్తాడు అని కాకుండా దేనికి భయపడతాడు, దేనికోసం వెంపర్లాడతాడు అని అడుగుతుంది. ఇద్దరు మనుషులు ఇల్లంతా సర్దిపెట్టుకుంటారు అనుకోండి, ఒకడు తప్పు జరగకూడదని (ఒకటో రకం), ఇంకొకడు రేపేం ముంచుకొస్తుందో అని (ఆరో రకం). పైకి ఇద్దరూ "జే"నే. లోపల ఒకడిది చిరాకు, ఇంకొకడిది భయం. చిరాకుగా ఉన్నవాడికి భరోసా ఇస్తే ఇంకా చిరాకు పడతాడు, భయపడేవాడికి తప్పు లేదని నిరూపించినా భయం పోదు.

సైన్సు పరంగా దీనికి మీ బిగ్ ఫైవ్ అంత బలం లేదు, ఒప్పుకుంటా. ఆస్కార్ ఇచాజో, క్లాడియో నరాంజో అనే ఇద్దరి దగ్గర్నించి 1970ల్లో జనంలోకి వచ్చింది, ఆ తొమ్మిది ఎందుకు తొమ్మిదో ఎవరూ కొలిచి తేల్చలేదు. కానీ నేను మనుషులతో మాట్లాడేటప్పుడు "వీళ్లు దేన్ని తప్పించుకోడానికి ఇలా చేస్తున్నారు" అనే ప్రశ్న దీని దగ్గరే నేర్చుకున్నా.

#11 నాలుగక్షరాలు

సరే ఇప్పుడు అసలు కేసుకి వద్దాం. సగం_చదివిన_పుస్తకం గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి మీ అక్కగారు పక్కాగా ఈఎస్‌టీజే అయ్యుండాలి. ముందే తేలాలి, టైము కావాలి, ఫోన్ పెట్టేయడం కూడా డైరెక్ట్‌గా, అది టీ, అంటే థింకింగ్. మీరు ఐఎన్‌ఎఫ్‌పీ. వాళ్లకి ముందు ఒక తేదీ పడేసి తర్వాత

#12 మోడరేటర్

నాలుగక్షరాలు గారి పోస్టులో మిగతా భాగం తీసేశాను. ఇక్కడ లేని మనిషికి, ఆమె చెల్లెలు రాసిన ఆరు వాక్యాలు చూసి టైపు కట్టడం వద్దు, వేదిక నియమాల్లో నాలుగోది. పైగా ఈ థ్రెడ్ మొదలైందే అందుకు కదా.

#13 నాలుగక్షరాలు

నిజమే, సారీ. చెయ్యి ఆగలేదు.

#14 గోడమీద_పిల్లి

ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నా. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. ఎదుటివాళ్ల స్థానంలో నిలబడి ఆలోచించు అని చిన్నప్పట్నించీ వింటాం కదా. టైపులు కూడా చివరికి అదే పని, "నేను ఈఎస్‌టీజే అయితే ఎలా ఆలోచిస్తాను" అని ఊహించుకోడం. మరి అలా ఊహించుకుంటే నిజంగా సరిగ్గా తెలుస్తుందా? 2018లో ఎయాల్, స్టెఫెల్, ఎప్లీ అనే ముగ్గురు 25 ప్రయోగాలు చేసి చూశారు. ముఖం చూసి ఏమనుకుంటున్నాడో చెప్పడం, నవ్వు నిజమో అబద్ధమో చెప్పడం, తోడున్న మనిషికి ఏది నచ్చుతుందో చెప్పడం, ఇలాంటివి. కొంతమందికి "ఎదుటివాళ్ల స్థానంలో నిలబడి ఆలోచించండి" అని గట్టిగా చెప్పారు. వాళ్లు మిగతావాళ్లకంటే బాగా చెప్పలేదు. మొత్తంమీద కాస్త తక్కువే వచ్చింది, పైగా కొన్నిసార్లు "నాకు తెలిసిపోయింది" అనే ధీమా మాత్రం పెరిగింది. మరి సరిగ్గా చెప్పడం దేంతో పెరిగింది అంటే, ఎదుటి మనిషిని నేరుగా అడిగి మాట్లాడితే పెరిగింది.

మా ఇంట్లో మేమిద్దరం ఏడాదిపాటు ఒకరి టైపు గురించి ఒకరం పుస్తకాలు చదివి ఎంతో తెలుసుకున్నాం అనుకున్నాం. ఒకరోజు కరెంటు పోయి ఫోన్లు కూడా చార్జింగ్ లేక ఊరికే కూర్చుని మాట్లాడుకుంటే, మా ఆయనకి నేను "తను ఒంటరిగా ఉండటానికి ఇష్టపడతాడు" అని వదిలేసిన సాయంత్రాలన్నీ ఆయన లెక్కలో "ఈవిడకి నాతో మాట్లాడటం ఇష్టం లేదు" అని రాసుకున్నాడని తెలిసింది. నేను ఆయన ఇంట్రావర్షన్‌కి గౌరవం ఇస్తున్నా అనుకుంటున్నా పాపం!

#15 వెనకబెంచీ

పిల్లిగారూ, అడగడం బానే ఉంది. అడిగినా చెప్పనివాళ్ల సంగతేంటి? మా నాన్నని "ఏమైంది నాన్నా" అంటే "ఏముంది, ఏం లేదు" అంటాడు. అరవై దాటాయి, ఆయన నోట్లోంచి నాకు బాధగా ఉంది అనే మాట నేనెప్పుడూ వినలేదు. అలాంటి మనిషి దగ్గర ఊహించుకోడం తప్ప నాకేం దారుంది?

నిన్న టైపుల్ని తిట్టింది నేనే, ఇవాళ మళ్లీ వాటి అవసరం ఉందంటున్నది కూడా నేనే, ఏం చేస్తాం.

#16 పలకా_బలపం

వెనకబెంచీ, "ఏమైంది" అనేది చాలా కష్టమైన ప్రశ్న బాబూ. దానికి జవాబు చెప్పాలంటే ముందు లోపలికి వెళ్లి చూసుకోవాలి, చూసింది మాటల్లో పెట్టాలి, పెట్టి కొడుకు ముందు ఒప్పుకోవాలి. కొంతమంది పిల్లలు "నీకేం అనిపించింది" అంటే బొమ్మలా నిలబడతారు, "నువ్వైతే ఏం చేసేవాడివి" అంటే పది నిమిషాలు చెప్తారు. ఇంకొంతమందికి ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాదు, పక్కన ఏదో పని చేస్తూ అడిగితే వస్తుంది. మీ నాన్నగారిని ఏదైనా ఒక పని గురించి అడిగి చూడు, పాతది, ఆయన చేసింది. "అప్పుడు అలా ఎందుకు చేశావు నాన్నా" అని. థింకింగ్ ఫీలింగ్ (లెక్కతో తేల్చుకునేవాళ్లు, మనసుతో తేల్చుకునేవాళ్లు) అనే మాటల వల్ల నాకు ఉపయోగం ఇదే, ఒక తలుపు తట్టి తెరుచుకోకపోతే ఇంట్లో మనిషి లేడనుకోను, ఇంకో తలుపు ఉందేమో చూస్తా.

#17 కొలబద్ద

నేను మొదట అన్నదాంట్లో కొంత వెనక్కి తీసుకుంటా. కొంతే.

మనుషుల్లో మామూలుగా ఉండే జబ్బు ఒకటుంది. మనం ఆలస్యంగా వస్తే దారిలో రద్దీ, వాడు ఆలస్యంగా వస్తే వాడికి బాధ్యత లేదు. మన తప్పుకి పరిస్థితి కారణం, వాడి తప్పుకి వాడి బుద్ధి కారణం. 1967లో జోన్స్, హారిస్ అని ఇద్దరు జనానికి క్యూబా నాయకుడు క్యాస్ట్రోని పొగుడుతూ రాసిన వ్యాసాలు ఇచ్చారు, ఇది రాసినవాడికి వేరే దారి లేదు, అలా రాయమని చెప్పారు అని ముందే చెప్పారు కూడా. అయినా చదివినవాళ్లు రాసినవాడికి క్యాస్ట్రో అంటే ఎంతోకొంత ఇష్టం ఉండే ఉంటుంది అన్నారు. 1977లో లీ రాస్ ఈ జబ్బుకి పేరు పెట్టాడు.

టైపులు ఈ జబ్బుని పెంచుతాయి అని నా వాదన. వాడి పరిస్థితి చూడకుండా వాడి అక్షరాలు చూస్తాం. కానీ ఈ థ్రెడ్ చదివాక ఒకటి అనిపించింది, మామూలుగా మనం పెట్టే పేర్లు ఇంకా ఘోరం కదా. "మాట మీద నిలబడడు", "దృష్టి లేదు", "మొండి". 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఇద్దరూ ఇంగ్లిష్ డిక్షనరీ తిరగేసి మనుషుల్ని వర్ణించే మాటలు ఏరితే దాదాపు 18 వేలు తేలాయి, వాటిలో తిట్లకేం తక్కువ లేదు. వాటి పక్కన "పైకి మాట్లాడుతూ ఆలోచిస్తాడు" అనేది చాలా మర్యాదైన పేరు. తిట్టు తీసి అక్కడ ఒక తటస్థమైన మాట పెట్టడం వల్లే ఆఫీసాయన మీద కోపం పోయింది. అక్క దగ్గర మీకు ముందు నుంచి తిట్టు లేదు, ఆవిడ ఒక మామూలు ప్రశ్న అడిగింది, అక్కడికి మీరు లేబుల్ పట్టుకెళ్లారు. ఆయనకి పెట్టిన పేరు మీ మనసులోనే ఉండిపోయింది, అక్కకి పెట్టింది నోట్లోంచి వచ్చేసింది. అదే తేడా అనుకుంటా.

పదహారు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

#18 నాలుగక్షరాలు

పదమూడు దాకా ఒప్పుకోండి పోనీ.

#19 సగం_చదివిన_పుస్తకం

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులు ఏం రాయలేదు, ఇవన్నీ రెండుసార్లు చదివా. కొలబద్ద గారి చివరి పోస్టు చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా, అంత గుచ్చుకుంది.

నిన్న అక్కకి ఫోన్ చేశా. ముందు సారీ చెప్పా, టైపు మాట ఎత్తలేదు. పలకా_బలపం గారు చెప్పినట్టు ఎందుకలా ఫీలవుతావు అని అడగకుండా "నేను చూద్దాం అన్నప్పుడు నీకేం వినపడుతుంది అక్కా" అని అడిగా. వెంటనే చెప్పేసింది, ఎన్నేళ్లనుంచో నోటి చివర పెట్టుకున్నట్టు. "లేదు అని వినపడుతుంది" అంది.

నాకు అర్థం కాలేదు. నేను చూద్దాం అంటే నిజంగా చూద్దామనే, రావాలనే ఉంటుంది, ముందే మాటిచ్చి తప్పడం ఇష్టం లేక అలా అంటా. అక్క ఏమందంటే "నాన్న చూద్దాం అంటే ఏమయ్యేదో గుర్తులేదా?" అంది. నిజమే. మా ఇంట్లో నాన్న ఏదీ వద్దు అనేవాడు కాదు, "చూద్దాం" అనేవాడు. చూద్దాం అన్నది ఒక్కటీ జరిగేది కాదు. అక్క నాకంటే ఏడేళ్లు పెద్దది, ఆ చూద్దాంలన్నీ దానికే తగిలాయి, నేను పెద్దయ్యేసరికి ఇంట్లో పరిస్థితి మారింది. అక్క పెద్ద చదువుకి వెళ్తానంటే కూడా చూద్దాం అన్నాడట. ఆ సంగతి నాకు నిన్నటిదాకా తెలీదు. నాకు ముప్ఫై నాలుగేళ్లు.

అది మళ్లీమళ్లీ ఫోన్ చేసి అడిగేది జే కాబట్టి కాదన్నమాట. చూద్దాం అన్నాక అడక్కపోతే అది చచ్చిపోయినట్టే అని దానికి తెలుసు, అందుకని బతికించుకోడానికి అడుగుతోంది.

#20 తొమ్మిదోవాడు

ఇది అక్షరాలా ఆరో రకం అని చెప్పాలని ఉంది, చెప్పను. మోడరేటర్ గారు చూస్తున్నారు.

#21 గోడమీద_పిల్లి

చదువు సంగతి చదివి ఏడుపొచ్చింది నాకు. అక్కకి ఏం చెప్పారు మరి?

#22 సగం_చదివిన_పుస్తకం

ఏం చెప్పాలో తెలీలేదు పిల్లిగారూ. కాసేపు ఇద్దరం ఊరికే ఉన్నాం. తర్వాత ఒక ఒప్పందం చేసుకున్నాం, నేను చూద్దాం అనే మాట అక్క దగ్గర వాడకూడదు. తెలీకపోతే "శుక్రవారం చెప్తా" అనాలి, శుక్రవారం చెప్పాలి. అది ఈలోపు ఫోన్ చేసి అడక్కూడదు. దీనికి అది గట్టిగా నవ్వింది, "నేను ఆగగలనా" అని.

ఇందులో టైపుల పాత్ర ఎంత అంటే నాకే సరిగ్గా తెలీట్లేదు. అవి చదవకపోతే "చూద్దాం" అనేది నాకు అలవాటని, అందరికీ అలా ఉండదని నాకు తట్టేదే కాదు. అలాగని అక్క విషయంలో అవి చెప్పింది తప్పు. నా గురించి సరిగ్గా చెప్పాయి, దాని గురించి కాదు.

#23 నాలుగక్షరాలు

దీన్ని మాత్రం కొట్టిపారేయలేను. యూంగ్ కూడా పరాయివాళ్లని చూస్తూ మొదలుపెట్టి తనెక్కడ నిలబడ్డాడో తేల్చుకోడానికే చివరికి ఆ పుస్తకం రాశాడు మరి. కాకపోతే చరిత్ర వేరు, టైపు వేరు, అక్కగారికి రెండూ ఉండొచ్చు కదా అని ఒక చిన్న... సరే వదిలేయండి.

#24 వెనకబెంచీ

అప్‌డేట్. నాన్న పాత సైకిల్ బాగుచేస్తుంటే పక్కన కూర్చుని "ఆ ఉద్యోగం అప్పట్లో ఎందుకు వదిలేశావు నాన్నా" అని అడిగా. "ఏముంది" అన్నాడు ముందు, అలవాటుగా. తర్వాత చెయిన్ తుడుస్తూ నలభై నిమిషాలు చెప్పాడు. మొహం మాత్రం నా వైపు తిప్పలేదు. టీచర్ గారూ, తలుపు దొరికింది.

#25 కొలబద్ద

సగం_చదివిన_పుస్తకం గారూ, ఒకటే మిగిలింది. ఆ ఆఫీసాయన చిత్తుకాగితం మనిషి అని మీరు అనుకున్నారు. ఆయన్ని అడిగారా?

#26 సగం_చదివిన_పుస్తకం

అమ్మో, నిజమే. లేదు. రెండేళ్లనుంచి ఆయన ఎక్స్‌ట్రావర్ట్ అని నేనే అనుకుంటున్నా, ఎప్పుడూ అడగలేదు. ఒకవేళ ఆయనకి నిజంగానే ఎటూ తేలక అలా మాట్లాడుతున్నారేమో! సోమవారం మీటింగ్ ఉంది, అయిపోయాక అడుగుతా.

#27 ఊరికే_చూస్తుంటా

ఇదంతా చదువుతుంటే మా ఆవిడ వెనకనించి వచ్చి రేపు పెందలాడే వస్తారా అని అడిగింది. ఫోన్ చూసుకుంటూ "చూద్దాం" అన్నా. ఇప్పుడు స్క్రీన్ మీద ఏముందో తను కూడా చదువుతోంది. ఉంటా మరి.